పొగ పలుకు మాట

నిప్పు లేనిదే పొగ రాదని సామెత. కొండమీద పొగను చూచి అచ్చట నిప్పు కలదని ఊహించుట మన తర్కశాస్త్రమున తొలిపాఠము. అయితే, పొగను చూచి “ఇది ఎవరు వేసిన పొగ?” అని సందేహించుట యుద్ధభూమిలో తొలిపాఠము. నేడు సినిమాలలోను వీడియో ఆటలలోను తరచుగా కనబడు పొగబాంబు చరిత్ర ఈ సందేహముతో పెనవైచుకొనియున్నది.

మొదట పొగ మరుగుచేయుటకే ఉపయోగపడెను. 1701లో స్వీడన్ రాజగు పన్నెండవ చార్లెస్ రీగా సమీపమున ద్వినా నదిని దాటవలసివచ్చెను. ఆవలి యొడ్డున సాక్సన్ సేనలు కాచియుండెను. రాజు తడిగడ్డిని కాల్పించి, గాలివాటున ఆ పొగను శత్రువుల కన్నులకు అడ్డుపెట్టి నదిని దాటెను. గాలి అన్నివేళల అట్లు సాయపడదు. 1918 ఏప్రిల్ 23న బ్రిటిష్ నౌకాదళము బెల్జియమునందలి జీబ్రూగ రేవును మూసివేయబోయినప్పుడు, బాణసంచా తయారుచేయు కుటుంబమున పుట్టిన ఫ్రాంక్ బ్రాక్ అను అధికారి దట్టమైన పొగతెరను సిద్ధపరచెను. ఓడలు రేవునకు చేరువగుచుండగా గాలి తిరిగిపోయెను. తెర తొలగి ఓడలు జర్మను ఫిరంగులకు బట్టబయలయ్యెను. బ్రాక్ ఆ పోరులోనే మరణించెను.

రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైన్యము రూపొందించిన ఎం-18 అను పొగబాంబు పని దీనికి భిన్నము. ఇది ముఖ్యముగా దాచుటకు కాదు, చూపుటకు. చూచుటకు చిన్న రేకుడబ్బా. బరువు అరకిలోకు కొంచెము మించును. పేరునకు బాంబే కాని ఇది పేలదు, మండును. లోపల రంగుపొడి, పొటాషియం క్లోరేటు, ఇంధనముగా గంధకమో చక్కెరయో, వాటితోపాటు వంటసోడా కలిసియుండును. పిన్ను లాగి విసరిన ఒకటిరెండు సెకనులలో మిశ్రమము అంటుకొనును. ఆ వేడికి రంగు ఆవిరియై రంధ్రముగుండ వెలువడి, చల్లనిగాలి తగిలినంతనే సూక్ష్మకణములై మేఘమువలె కమ్మును. వేడి హెచ్చినచో రంగు మాడిపోవును. తగ్గినచో ఆవిరి కాదు. వేడిని అదుపుచేయుటకే సోడా. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, ఊదా అను నాలుగు రంగులలో తయారైన ఈ బాంబు 50 మొదలు 90 సెకనులవరకు పొగ నిచ్చును.

వియత్నాం యుద్ధమున దీని అవసరము బాగుగా తెలిసివచ్చెను. దట్టమైన అడవిలో చిక్కుకొనిన దళమును హెలికాప్టరునుండి గుర్తించుట కష్టము. గాయపడినవారిని ఎక్కించుకొనిపోవుటకు వచ్చు పైలటునకు, దిగవలసిన చోటును క్రిందివారు రంగుపొగతో చూపుచుండిరి. అందులో ఒక చిక్కు కలదు. రేడియోలో మాటలాడిన మాటను శత్రువు కూడ వినవచ్చును. “పసుపు పొగ వేయుచున్నాము” అని క్రిందివాడు ముందుగనే చెప్పినచో, శత్రువు కూడ పసుపు పొగనే వేసి హెలికాప్టరును తన తుపాకులయెదుటికి రప్పించుకొనవచ్చును.

కావున సంభాషణక్రమము నిట్లు ఏర్పరచుకొనిరి. క్రిందివాడు రంగు చెప్పకయే పొగ వేయును. పైలటు తనకు కనబడిన రంగును చెప్పును. అది తాను వేసినదే యైనచో క్రిందివాడు అవునని ధ్రువపరచును. కానిచో వలదని హెచ్చరించును. ముందు ఎవరు పలుకవలెనను చిన్న నియమముపై అనేకుల ప్రాణము లాధారపడియుండెను. ఇందలి మర్మము రేడియో గల ఇండ్లవారికి వేరుగ చెప్పనక్కరలేదు. గాలిలో వదలిన మాట వినగలిగిన ప్రతివానిదియు నగును.

వెండితెరకు నచ్చినది ఈ నియమము కాదు, రంగు. 1979లో వెలువడిన ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా చిత్రము ‘అపోకలిప్స్ నౌ’లో, నదిపై పోవు పడవలో ఒక యువసైనికుడు వినోదమునకై ఊదారంగు పొగను వెలిగించును. కొద్దిసేపటికే ఆ పడవపై కాల్పులు జరిగి అందులో నొకడు మరణించును. తామున్న చోటును చాటిచెప్పు సాధనము ఆటవస్తువగుట ఎంత విపరీతమో ఆ దృశ్యము ఎవరి వ్యాఖ్యానమును లేకయే తెలుపును. వీడియో ఆటలలో పొగ మరల తన పాత పనికే వచ్చినది. 2000లో విడుదలైన ‘కౌంటర్-స్ట్రైక్’ ఆటగాండ్రకు అది మరుగు. 2023లో వచ్చిన ‘కౌంటర్-స్ట్రైక్ 2’లో ఆ పొగ గది ఆకారమునుబట్టి వ్యాపించును, తూటా దూసుకొనిపోయినచో చీలి, మరల కలియును. కాని దానికి వేడియు లేదు, విషమును లేదు.

నిజమైన పొగకు రెండును కలవు. సైన్యములు తెల్లపొగకై వాడిన హెక్సాక్లోరోఈథేను మిశ్రమము మండినప్పుడు జింకు క్లోరైడు పుట్టును. మూసియున్న చోట దానిని పీల్చినచో ఊపిరితిత్తులు దెబ్బతిని ప్రాణమే పోవచ్చును. వేడుకలలో వాడు పొగసాధనములును నిరపాయములు కావు. 2020 సెప్టెంబరు 5న కాలిఫోర్నియాలో, పుట్టబోవు శిశువు ఆడయో మగయో ప్రకటించు వేడుకలో అట్టిదానిని వెలిగింపగా నిప్పు ఎండుగడ్డికి అంటుకొనెను. 22,000 ఎకరములకు పైగా దగ్ధమయ్యెను. ఆ మంటలతో పోరాడిన అగ్నిమాపకదళ సభ్యుడొకడు ప్రాణములు కోల్పోయెను.

నిప్పు లేని పొగ ఆటలతెరపైన మాత్రమే పుట్టును. చేతిలోని డబ్బా విషయమున మన పాత సామెతనే నమ్ముట మేలు.