గవర్నమెంట్ అంటే ఎవరు? ఒక్క మాట, రెండు అర్థాలు

ఈ ఎపిసోడ్‌లో మనం రోజూ వాడే ఒక ఇంగ్లీష్ మాట గురించి మాట్లాడుకుందాం. అదే గవర్నమెంట్.

ముందు పలకడం. మన ఊర్లల్ల పెద్దోళ్లు "గవర్మెంటు" అంటే నవ్వకండి. మధ్యలో 'న' వినపడని ఉచ్చారణని ఇంగ్లీష్ డిక్షనరీలు కూడా ఇస్తాయి. రాసేటప్పుడు మాత్రం గవర్న్ ప్లస్ మెంట్, 'ఎన్' మర్చిపోవద్దు.

ఈ మాట మూలం గ్రీకులో ఉంది. అర్థం, ఓడని నడపడం. ఐటీలో ఉన్నోళ్లకు తెలిసిన కుబెర్నెటీస్ కూడా అదే మూలం నుంచి వచ్చింది, చుక్కాని పట్టేవాడు అని. మన ప్రభుత్వం అనే మాటలో ప్రభువు ఉన్నడు, వాళ్ల మాటలో డ్రైవర్ ఉన్నడు.

ఇప్పుడు అసలు పాయింట్. ఇంగ్లీష్‌లో గవర్నమెంట్‌కి ముఖ్యంగా రెండు అర్థాలు. ఒకటి, ఇప్పుడు అధికారంలో ఉన్న మంత్రుల టీమ్. "ది గవర్నమెంట్ హాజ్ ఫాలెన్" అంటే ఆ టీమ్ పడిపోయింది అని. రెండోది, ఎవరు గెలిచినా నడిచే వ్యవస్థ. "గవర్నమెంట్ ఆఫ్ తెలంగాణ" అని ఆర్డర్ మీద ఉండేది ఇదే.

ఈ తేడా మా తొగుటలో గ్రామర్ ముచ్చట కాదు. మల్లన్నసాగర్ కోసం వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊర్లు ఖాళీ అయినయ్. 2015 జూలైలో భూముల కొనుగోలుకి జీవో 123 వచ్చింది. 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి దాన్ని కొట్టేసిండ్రు. 2022 ఫిబ్రవరిలో 50 టీఎంసీల రిజర్వాయర్ ప్రారంభమైంది. 2023 డిసెంబర్‌లో అధికారం మారింది.

మరి పరిహారం బాకీ ఉన్నోళ్లకు "అది పాత గవర్నమెంట్ టైంలది" అని ఎవరైనా అంటే? అక్కడ మొదటి అర్థం వాడుతున్నరు. చట్టం మాత్రం రెండో అర్థంలో మాట్లాడుతది. 2013 భూసేకరణ చట్టంలో బాధ్యత "అప్రోప్రియేట్ గవర్నమెంట్"ది, పార్టీది కాదు. జీవో చివర చూడండి, "ఇన్ ది నేమ్ ఆఫ్ ది గవర్నర్" అని ఉంటది. సీఎం పేరు మీద కాదు. రాజ్యాంగం 300వ ఆర్టికల్ ప్రకారం కేసు వేసినా రాష్ట్రం పేరు మీదనే.

కొత్త టీమ్ స్కీములు మార్చొచ్చు. కానీ చట్టం ప్రకారం రావాల్సిన బాకీ డ్రైవర్‌ది కాదు, ఓడది. డ్రైవర్ మారినా అది పోదు.

అందుకే దరఖాస్తు రాసేటప్పుడు "పాత గవర్నమెంట్ హామీ ఇచ్చింది" అని ఆపొద్దు. జీవో నంబర్, తేదీ రాసి, "గవర్నమెంట్ ఆఫ్ తెలంగాణ" అని రాయండి. ఈ వీడియో అవసరమున్నోళ్లకు షేర్ చేయండి.