మీకు తెలుసా? ఈ ‘కలియుగ భీముడు’ ఒకప్పటి డ్రిల్లు మాస్టారు!

విశాఖ బీచ్ రోడ్డులో కోడి రామమూర్తి నాయుడి విగ్రహం చూసి, ఎవరో పహిల్వాను అనుకుని సాగిపోయేవాళ్లే ఎక్కువ. ఆయన మొదట బడిపంతులు.

వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పినతండ్రి ఇంట పెరిగిన రామమూర్తి మద్రాసు సైదాపేటలో ఏడాదిపాటు వ్యాయామ శిక్షణ పొందారు. తిరిగొచ్చి విజయనగరం హైస్కూల్లోనే పిల్లలకు కసరత్తు నేర్పారు. సర్కస్‌లో బలప్రదర్శనలు ఆ తర్వాతి మాట. ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకోవడం, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంచేయడం, స్టార్టు చేసిన కార్లను కదలనివ్వకుండా పట్టి ఆపడం... జనం టిక్కెట్టు కొని మరీ నోళ్లు వెళ్లబెట్టిన విన్యాసాలివి. అన్నట్టు, ఆయన శాకాహారి!

అమెరికాలో మరో బడిపంతులు జాన్ వుడెన్‌ది ఇంకో దారి. 1930లలో హైస్కూల్లో ఇంగ్లిషు పాఠాలు చెబుతూనే ఇండియానాపోలిస్ కాట్‌స్కీస్ జట్టుకు డబ్బు తీసుకుని బాస్కెట్‌బాల్ ఆడారు. వరసగా 134 ఫ్రీ త్రోలు, ఒక్కటీ గురి తప్పకుండా వేసిన ఘనుడు. రామమూర్తికి ఈ రెండు పడవల ప్రయాణం కుదరలేదు. కుదిరేదా? ఊరూరా డేరా వేసే సర్కస్‌కు బడిగంట కాలం సరిపోదు కదా!

రామమూర్తి 1942లో ఒడిశాలోని బలంగీర్‌లో కన్నుమూశారు. శ్రీకాకుళంలోని స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.