గొంతుకు ఎంత తడి పెట్టాలి?

ఎకో, రివర్బ్, డిలే... పాట వెనకాల దాక్కున్న మాయ!

అనంతపురం వాళ్లకి నీళ్ల లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. సగటున ఏడాదికి అటూ ఇటూగా 550 మిల్లీమీటర్ల వాన పడే నేల అది. శనక్కాయ పంటకి ఒక్క తడి తక్కువైతే ఏమవుతుందో, చీనీ చెట్టు మొదట్లో నీళ్లు నిలిచిపోతే ఏమవుతుందో అక్కడి పిల్లాడు కూడా చెప్పేస్తాడు. మరి అలాంటి గడ్డ మీద పుట్టిన కుర్రాళ్లు పాట రికార్డు చేసేటప్పుడు మాత్రం గొంతు మీద కుండలకొద్దీ ఎకో కుమ్మరిస్తున్నారేమిటి చెప్మా!

వేళాకోళం కాదు. రికార్డింగ్ థియేటర్ల భాషలో కూడా ఇది తడీ పొడీ లెక్కే. మైకు పట్టుకున్నది పట్టుకున్నట్టు వినిపించే గొంతు ‘డ్రై’. రివర్బ్, డిలే కలిపితే ‘వెట్’. ఆ రెంటినీ ఏ పాళ్లలో కలపాలో తెలిసినవాడే మిక్సింగ్ తెలిసినవాడు.

కొండ బదులిస్తే డిలే... గది బదులిస్తే రివర్బ్!

గుత్తి కోట కొండ ఎదురుగా నిలబడి “ఓయ్!” అని అరవండి. కొండ మీకు 170 మీటర్ల దూరంలో ఉందనుకోండి. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది గనక, పోయి రావడానికి సరిగ్గా సెకను పడుతుంది. మీ అరుపు మీకే విడిగా, స్పష్టంగా వినిపిస్తుంది. అదీ డిలే!

ఇప్పుడు తాడిపత్రి బండలు పరిచిన ఖాళీ గదిలోకి వచ్చి అదే కేక వేయండి. నేల, గోడలు, మిద్దె అన్నీ ఒక్కసారే బదులిస్తాయి. వేల ప్రతిధ్వనులు ఒకదాని మీద ఒకటి పడి, విడివిడిగా తెలియకుండా ఒక తోకలాగా సాగి సాగి ఆరిపోతాయి. అదీ రివర్బ్! అన్నట్టు, ‘మాయాబజార్’ తీసిన దర్శకుడు కె.వి.రెడ్డి గారి సొంతూరు ఈ తాడిపత్రే.

బాత్‌రూములో పుట్టిన మాయ

ఈ మాయ మొదట యంత్రాల్లోంచి రాలేదు. 1947లో చికాగోలో బిల్ పుట్నమ్ అనే ఇంజనీరు స్టూడియో బాత్‌రూములో ఒక స్పీకరు, ఒక మైకు పెట్టి, అక్కడ మోగిన ధ్వనిని పాటలో కలిపాడు. రికార్డు అమెరికా అంతటా మోగిపోయింది! 1949లో మన ‘మహల్’ సినిమాకి లతా మంగేష్కర్ గారు మైకుకి దూరంగా గది మూల నుంచి పాట అందుకుని, నడుచుకుంటూ మైకు దగ్గరికి వచ్చారు. అడుగుల లెక్కతో తయారైన దూరం అది!

1954 ప్రాంతంలో మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ టేపు యంత్రాలతో ఎల్విస్ ప్రెస్లీ గొంతుకు చిటికెలో బదులు పలికే నీడనిచ్చాడు. కిటుకు తేలికే. టేపు మీద రికార్డు చేసే తలకీ, వినిపించే తలకీ మధ్య రెండంగుళాల దూరం ఉండి, టేపు సెకనుకి 15 అంగుళాల చొప్పున పరిగెడితే, గొంతు 133 మిల్లీసెకన్లు ఆలస్యంగా వినిపిస్తుంది. 1957లో జర్మనీ వాళ్ల ఈఎమ్‌టీ 140 వచ్చింది. లోపల మంచమంత ఉక్కు రేకు! దాన్ని కంపింపజేస్తే చాలు, పెద్ద హాలు పలికినట్టు పలికేది. 1976లో అదే కంపెనీ డిజిటల్ రివర్బ్ తెచ్చింది. ఇవాళ అదంతా మీ ఫోనులో ఒక్క మీట. చిక్కు కూడా అక్కడే వచ్చింది!

బాలు గారి టేపు

అనంతపురానికి ఈ కథలో ఇంకో వాటా ఉంది. ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం ఇంజనీరింగ్ చదువుకి చేరింది అనంతపురంలోనే. టైఫాయిడ్ వల్ల ఆ చదువు మధ్యలో ఆగింది. 1966 డిసెంబర్ 15న మద్రాసులో ‘శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న’ కోసం తొలి పాట పాడారు. అదీ పి.సుశీల, పి.బి.శ్రీనివాస్, రఘురామయ్య గార్లతో కలిసి! సంగీత దర్శకుడు కోదండపాణి గారు ఆ టేపు చెరపకుండా ఉంచమని రికార్డిస్టుకి చెప్పి, వచ్చిన సంగీత దర్శకులకి వినిపించమన్నారని బాలు గారే చెప్పుకునేవారు. ఆ కృతజ్ఞతతోనే తర్వాత తన రికార్డింగ్ థియేటర్‌కి కోదండపాణి పేరు పెట్టారు.

ఆలోచించండి! కొత్త గాయకుడికి అప్పుడైనా ఇప్పుడైనా ఆధారం ఒక్క రికార్డింగే. వినే సంగీత దర్శకుడు వెతికేది మూడే మూడు: శ్రుతి, ఉచ్చారణ, భావం. ఎకో ముందుగా మింగేసేవీ ఆ మూడే! అపస్వరం కూడా తోకలో కలిసిపోయి తియ్యగా అనిపిస్తుంది. పాడినవాడికే తన తప్పు తెలియదు. రేపు థియేటర్లో హెడ్‌ఫోన్ పెట్టి పొడి గొంతు వినిపించేసరికి కాళ్లు వణుకుతాయి.

తెలుగుకి ఇంకో ఇబ్బంది. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. రివర్బ్ ఆ అచ్చునే పట్టుకుని సాగదీస్తుంది. ఆ సాగిన ‘ఆ’ కింద పడి తర్వాతి మాట మొదటి హల్లు నలిగిపోతుంది. ఇక వత్తుల సంగతి చెప్పనే అక్కర్లేదు!

మరి చేయాల్సిందేమిటి?

ముందు గదిని పొడి చేయండి. బండల గదిలో గోడలకి బొంతలు, దుప్పట్లు వేలాడదీయండి. గది ఎకో ఒకసారి పాటలోకి ఎక్కితే మళ్లీ తీయడం మహా కష్టం.

రివర్బ్‌ని 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా మొదలయ్యేట్టు పెట్టండి. దీన్నే ‘ప్రీ డిలే’ అంటారు. హల్లు ముందు బయటపడుతుంది, తడి వెనకాల వస్తుంది. రివర్బ్‌లో 200 హెర్ట్జ్‌కి దిగువనున్న బరువు కోసేయండి. లేకపోతే గొంతు బురదలో నడిచినట్టుంటుంది. హుషారు పాటకి తోక సెకను లోపు చాలు. జోలపాటకైతే రెండు సెకన్లు ఉన్నా ముద్దే.

డిలేని తాళంతో కట్టండి. 60,000ని నిమిషానికి ఎన్ని దెబ్బలో దానితో భాగించండి. 100 దెబ్బల పాటకి 600 మిల్లీసెకన్లు, అందులో సగం 300. అప్పుడు ప్రతిధ్వని కూడా తాళం వేస్తుంది. అదీ మాటల మీద వద్దు... చరణం చివర ఊపిరి తీసుకునే ఖాళీలో వదలండి.

చివరిగా ఒక పరీక్ష. ఆ పాట ఎన్నడూ విననివాళ్లకి చిన్న శబ్దంతో ఒక్కసారి వినిపించి పల్లవి రాయమనండి. తప్పు రాశారా? తడి సగానికి తగ్గించండి!

చీనీ తోటకి డ్రిప్ పెట్టిన రైతుని అడగండి... మడి నింపడం గొప్ప కాదు, వేరుకి అందడం గొప్ప అంటాడు. పాటకి వేరు మాట. దానికి చుక్క చాలు!