ఆల్చిప్పల మీద బొగ్గు, బొగ్గు మీద ఊళ్లు

బిలాస్‌పూర్ నుంచి ఎటు వెళ్లినా సముద్రం చూడాలంటే నాలుగొందల కిలోమీటర్లు దాటాల్సిందే. అయినా ఈ ఛత్తీస్‌గఢ్ రైల్వే పట్టణాన్ని పోషిస్తున్న బొగ్గు సీమలో ఒకప్పుడు సముద్రం ఉండేది. మనేంద్రగఢ్ దగ్గర హసియా నాలా హస్‌దేవ్ నదిలో కలిసేచోట రాళ్ల మీదికి వంగి చూస్తే ఆల్చిప్పల ముద్రలు, నత్తగుల్లల ఆనవాళ్లు కనిపిస్తాయి. దాదాపు 28 కోట్ల ఏళ్ల కిందటి మంచుయుగం ముగిసేవేళ సముద్రపు పాయ ఒకటి ఇక్కడిదాకా చొచ్చుకొచ్చింది. 1954లో వెలుగు చూసిన ఈ చోటును భూగర్భ సర్వేక్షణ సంస్థ 1982లో జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది.

ఆ సముద్రం వెనక్కి పోయింది. నదీలోయల్లో అడవులు పెరిగాయి, కూలాయి, ఇసుక, మట్టి కింద పూడుకుపోయాయి. అదే బొగ్గు. అందుకే ఈ ప్రాంతంలో సముద్ర జీవుల రాళ్లు కిందా, బొగ్గు పొరలు వాటికి పైనా ఉంటాయి.

బొగ్గు ఎంత ఉన్నా మోసుకెళ్లే దారి లేకపోతే అది రాయితో సమానం. ఆ దారి వేసింది బెంగాల్ నాగపూర్ రైల్వే. 1887లో పుట్టిన ఈ కంపెనీ 1891 నాటికి నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్సోల్ దాకా పట్టాలు పరిచింది. ఉమరియా గనుల మీదుగా కట్నీ వైపు వెళ్లే లైనూ ఆ రోజుల్లోనే కలిసింది. అలా హౌరా, నాగపూర్, కట్నీ దారులు మూడూ కలిసే జంక్షనైంది బిలాస్‌పూర్.

తెలుగువాళ్లు ఇక్కడికి వచ్చిందీ ఆ కంపెనీ వెంటే. తూర్పు తీరపు రైలుమార్గంలో ఉత్తర భాగం 1902లో దాని చేతికి వచ్చింది. దాంతో వాల్తేరు, విజయనగరం, శ్రీకాకుళం వైపు పల్లెలకు ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్ ఒకే యజమాని కింది ఊళ్లయ్యాయి. గ్యాంగ్‌మన్‌గానో, ఫైర్‌మన్‌గానో ఒకడు కుదురుకుంటే, వాడి వెనకే తమ్ముడు, బావమరిది, ఊరివాడు. వచ్చిన కుటుంబాలు రైల్వే క్వార్టర్లలో స్థిరపడ్డాయి. పిల్లలు బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో ఉత్తరాంధ్ర యాస మాట్లాడుతూ పెరిగారు. ఎండాకాలంలో ఇక్కడి తెలుగువారు జరిపే సోలాపురి మాత పూజ ఇప్పుడు పట్టణం వేడుకల్లో ఒకటి. కోర్బా నుంచి బిలాస్‌పూర్, రాయపూర్, రాయగడ మీదుగా విశాఖ వెళ్లే ఎక్స్‌ప్రెస్ వీళ్లకు ఊరి బండి. సాయంత్రం ఎక్కితే మర్నాడు విజయనగరంలో దిగొచ్చు.

ఉత్తరాన కొండల్లోని గనుల ఊరు చిరిమిరి కథ వేరు. 1930ల తొలినాళ్లలో రైలు రాకతో అడవి మధ్య గనులు పుంజుకున్నాయి. తొలి గనుల యజమానుల్లో ఒకరైన విభూతి భూషణ్ లాహిరి పేరు అక్కడి ప్రభుత్వ కళాశాలకు ఇప్పటికీ ఉంది. బెంగాల్, బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి జనం వచ్చి కొండవాలుల మీద వాడలు కట్టుకున్నారు. ఒక్కో గని చుట్టూ ఒక్కో బస్తీ వెలసింది. ఆ బస్తీలన్నీ కలిస్తేనే చిరిమిరి.

1973లో గనులు జాతీయమయ్యాయి. 1985లో సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం గనుల దగ్గర కాదు, బిలాస్‌పూర్‌లో పెట్టారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ కేంద్రమూ అక్కడికే వచ్చింది. తవ్వేది ఒకచోట, లెక్కలు చూసేదీ బండ్లు నడిపేదీ మరోచోట. ఈ తేడాయే రెండు రకాల ఊళ్ల తలరాతలు రాసింది.

ఆ తేడా కళ్లారా చూడాలంటే వ్యాపార్ విహార్‌కి వెళ్లాలి. బిలాస్‌పూర్ హోల్‌సేల్ వ్యాపారానికి అది గుండెకాయ. లారీల నుంచి బియ్యం, పప్పుల బస్తాలు దించే హమాలీలు, నూనె డబ్బాలు, మసాలా దినుసుల ఘాటు, చీటీ పట్టుకుని బేరమాడే చిల్లర కొట్టువాళ్లు. గని ఊళ్లలో పండేది తక్కువ, కొనేది ఎక్కువ. గనుల్లో జీతం పడితే ఆ డబ్బు కిరాణా రూపంలో ఇలాంటి బజార్లకే చేరుతుంది. ఒక గని మూతపడినా వ్యాపారికి ఇంకో ఊరి బేరం ఉంటుంది. గని ఊరికి ఆ వెసులుబాటు లేదు.

చిరిమిరిలో జరిగింది అదే. పొరలు తరిగి గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పాత గనుల్లో నిప్పు, నేల కుంగడం అక్కడివాళ్లకు కొత్త కాదు. పని ఉన్నచోటికి జనం తరలిపోయారు, క్వార్టర్లు ఖాళీ అయ్యాయి.

తవ్వకాల మొగ్గు కోర్బా వైపు తిరిగింది. 1981లో మొదలైన గేవ్రా ఓపెన్‌కాస్ట్ ఇప్పుడు దేశంలోకెల్లా పెద్ద బొగ్గు గని. ఏడాదికి 7 కోట్ల టన్నుల దాకా తవ్వడానికి దానికి అనుమతి ఉంది. భూమి పోగొట్టుకున్న పల్లెలవాళ్లు ఉద్యోగం, పునరావాసం అడుగుతూ ధర్నాకు కూర్చోవడం అక్కడ మామూలైంది. బొగ్గు బండ్లకు దారివ్వడానికి ప్యాసింజర్ బండ్లు గంటల తరబడి లూప్‌లైన్లో నిలబడటమూ అంతే. 2022లో కరెంటు కేంద్రాలకు బొగ్గు చాలడంలేదని ఈ జోన్‌లో చాలా ప్రయాణికుల బండ్లనే రద్దు చేశారు.

అదే ఏడాది సెప్టెంబరులో మనేంద్రగఢ్-చిరిమిరి-భరత్‌పూర్ అని మూడూళ్ల పేరుతో కొత్త జిల్లా వచ్చింది. జిల్లా కేంద్రం తమకే కావాలని చిరిమిరి వాళ్లు పట్టుబట్టినా అది మనేంద్రగఢ్‌కే దక్కింది. కలెక్టరేటూ, కోర్టూ, పెద్దాసుపత్రీ వస్తే బొగ్గు అయిపోయాక కూడా బజారు నడుస్తుందని వాళ్ల లెక్క. బిలాస్‌పూర్‌ను చూసి వేసుకున్న లెక్కే అది.