సైటుకెళ్లిన లైసెన్సు

"సాఫ్ట్‌వేర్ నా లాప్‌టాప్‌లోనే ఉంది, కంపెనీ డబ్బు కట్టింది. మరి సైటుకు రాగానే లైసెన్సు లేదంటుందేం?" సైటు ఇంజినీర్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. విజయవాడ–గూడూరు మూడో లైనులో భాగంగా గూడూరు, మనుబోలు మధ్య రైలుపట్టాల మీదుగా మరో రైలుమార్గం దాటేలా 2.2 కిలోమీటర్ల వంతెన కట్టారు. అలాంటి పనుల్లో డిజైను ఒక ఊళ్లో, కాంక్రీటు ఇంకో ఊళ్లో. డ్రాయింగు సరిచూడాల్సిన మనిషి ఎండలో పిల్లరు పక్కనుంటాడు, లైసెన్సులిచ్చే సర్వరేమో ఆఫీసులో ఉంటుంది.

లాప్‌టాప్‌లో ఉన్నది ప్రోగ్రాం మాత్రమే. దాన్ని నడిపే అనుమతి సర్వర్‌లో ఉంటుంది. యాభై మంది లాప్‌టాప్‌లలో ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. ఐదు లైసెన్సులే కొంటే ఒకేసారి నడిపేది ఐదుగురే.

ఊరి రామమందిరంలో పెళ్లిళ్ల కోసం ఉంచే గుండిగలు ఇలాంటివే. ఐదు గుండిగలుంటే ఊరంతా వాడుకుంటుంది. ఊళ్లోనే వంటయితే పొద్దున తీసుకెళ్లి సాయంత్రం తెచ్చిస్తారు. పొరుగూరి పెళ్లికైతే ఎప్పటికి తెచ్చిస్తారో తేదీ వేసి పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ తేదీ దాకా గుండిగ ఖాళీగా పెరట్లో బోర్లా పడున్నా ఇక్కడి లెక్కలో అది లేనట్టే. అయితే గడువు దాటిన గుండిగలోనూ పులుసు ఉడుకుతుంది. గడువు దాటిన లైసెన్సు మాత్రం తనంతట తానే ఆగిపోతుంది, అదే సమయానికి సర్వర్ దాన్ని తిరిగి తన ఖాతాలో వేసుకుంటుంది.

1988లో వచ్చిన ఫ్లెక్స్‌ఎల్ఎం, ఇప్పటి ఫ్లెక్స్‌నెట్, ఈ లెక్కలు చూసే వ్యవస్థల్లో బాగా వాడుకలో ఉన్నది. ఆఫీసులో ఉన్నంతసేపూ ప్రోగ్రాం మామూలుగా రెండు నిమిషాలకోసారి సర్వర్‌ను పలకరిస్తుంది. జవాబు రాకపోతే కాసేపు ప్రయత్నించి పని ఆపేస్తుంది. సైటులో నెట్ నిలకడగా ఉంటే వీపీఎన్ చాలు. సిగ్నల్ వచ్చిపోతుంటే బయల్దేరేముందే లైసెన్సును అరువు తీసుకోవాలి. ఆ సౌకర్యం లైసెన్సులోనే ఉండాలి, కొనేటప్పుడే అడిగి తెలుసుకోండి. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉండగానే తిరిగిచ్చే తేదీ పెట్టి, ప్రోగ్రాంను ఒకసారి తెరవాలి. చాలామంది తేదీ పెట్టేసి ప్రోగ్రాం తెరవకుండా బండెక్కుతారు. తెరిచినప్పుడే లైసెన్సు లాప్‌టాప్‌కు చేరుతుంది. నెట్ ఆపేసి ఇంకోసారి తెరిచి చూసుకుంటే అనుమానం తీరిపోతుంది.

రెండు రోజుల పనికి నెల రోజుల గడువు పెట్టడం నాకు అస్సలు నచ్చదు. ఆఫీసులో ఇంకో మనిషి ఆ లైసెన్సు కోసం నెలంతా ఎదురుచూడాలి. సర్వర్ ఆప్షన్స్ ఫైలులో మ్యాక్స్ బారో అవర్స్ అన్న ఒక్క వరుస రాస్తే గడువుకు హద్దు పడుతుంది. బారో లోవాటర్ అన్న వరుసతో కొన్ని లైసెన్సులు గడప దాటకుండా ఆపొచ్చు. ఐదులో రెండైనా అలా అట్టిపెట్టాలంటాను.

ఇక సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తే అరువెళ్లినవన్నీ తిరిగొస్తాయని కొందరి నమ్మకం. దిష్టి తీస్తే జ్వరం తగ్గుతుందనుకోవడానికీ దీనికీ తేడా లేదు. అరువు లెక్కను సర్వర్ డిస్కులో రాసిపెట్టుకుంటుంది, లేవగానే మళ్లీ అదే చదువుతుంది. లాప్‌టాప్ తేదీని వెనక్కి తిప్పితే గడువు పెరుగుతుందనేదీ అలాంటిదే. గడియారం వెనక్కెళ్లిందని పసిగడితే లైసెన్సు అసలుకే పనిచేయదు.

పని ముందే అయిపోతే ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపి, గడువు మిగిలి ఉన్నా లైసెన్సును తిరిగివ్వండి. లాప్‌టాప్ ఫార్మాట్‌కు ఇచ్చేముందయితే ఇది తప్పనిసరి. ఫార్మాట్ చేశాక తిరిగివ్వడానికి అందులో ఏమీ మిగలదు, ఆ లైసెన్సు గడువు తేదీ దాకా ఎవరికీ అక్కరకు రాదు.