గెల కోసే గెడతో జాగ్రత్త!

పామాయిల్ చెట్టు ఎదిగేకొద్దీ గెలలు ఉలికి అందవు. పొడవాటి అల్యూమినియం గెడకు కొడవలి బిగించి కోయాల్సిందే. ఈ గెడ తేలికే గానీ కరెంటు ఇట్టే పారుతుంది. ఇంటి కరెంటు 230 వోల్టులైతే, తోట మీదుగా పోయే 11 కె.వి. లైనులో 11,000 వోల్టులుంటాయి. తీగల కింద, పక్కన ఉన్న చెట్ల గెలలను లైన్‌మన్‌కు చెప్పి సరఫరా ఆపించాకే కోయండి. తడి వెదురు గెడనూ నమ్మొద్దు. గెడను నిలబెట్టి నడవొద్దు, అడ్డంగా మోయండి.

ఎవరికైనా షాక్ తగిలితే పట్టుకుని లాగొద్దు. ఇంత వోల్టేజికి ఎండు కర్ర కూడా కాపాడదు. దూరంగానే ఉండి 1912కు, 108కి వెంటనే ఫోన్ చేయండి. కరెంటు ఆపారని రూఢి అయ్యాకే దగ్గరకు వెళ్లండి.

కోత ఒకరోజు ఆలస్యమైతే రాలిన పండ్లు ఏరుకోవచ్చు, పోయిన ప్రాణం తేలేం.