మిషను కత్తిని తినేస్తుందా?

చాకు మొద్దుబారితే కొందరు పింగాణీ కప్పు బోర్లించి దాని అడుగున నాలుగుసార్లు రుద్దుతారు. కొందరు మెట్టు అంచునో, పెరట్లో బండనో వెతుక్కుంటారు. కప్పు ఉపాయంలో నిజముంది: అడుగున మెరుగు పూత లేని గరుకు అంచు సానరాయి పనే చేస్తుంది. మెట్టు అంచుకు ఆ గౌరవం ఇవ్వలేం, అది కత్తిని గీకి వదిలేస్తుంది. ఇప్పుడు ఈ పని క్షణాల్లో చేసిపెడతామంటూ ఎలక్ట్రిక్ షార్ప్‌నర్లు వంటింట్లోకి వచ్చాయి. వాటి వెంటే బోలెడన్ని మాటలూ వచ్చాయి. అందరూ ముందుగా అనే మాట: ‘మిషను కత్తిని తినేస్తుంది.’

ఇది పూర్తిగా అబద్ధమూ కాదు. పదును పెట్టడమంటేనే వాదర దగ్గర కొంత లోహాన్ని అరగదీయడం. రాతి మీద నూరినా, మిషనులో లాగినా జరిగేది అదే. ఎంత అరుగుతోందన్నదే అసలు సంగతి. ఈ అపవాదుకు ఓ చరిత్ర కూడా ఉంది. అమెరికాలో ఒకప్పుడు డబ్బా మూతలు తీసే ఎలక్ట్రిక్ ఓపెనర్ల వెనక చాకు కోసం ఓ గాడి పెట్టి అమ్మేవారు. లోపల గిరగిరా తిరిగే గరుకు రాయి, కోణాన్ని సరిగ్గా నిలిపే ఏర్పాటు అంతంతమాత్రం. వాటిలో పెట్టిన కత్తులు నిజంగానే పాడయ్యాయి. 1985లో షెఫ్స్ చాయిస్ బ్రాండు వజ్రపు పొడి అద్దిన చక్రాలతో, కత్తిని ఒకే కోణంలో పట్టి ఉంచే గాడులతో ఇంటి వాడకానికి మిషను తెచ్చింది. నేటి మంచి యంత్రాలన్నీ దాదాపు ఆ దారిలోనివే. పాత యంత్రాలు పోయినా వాటి చెడ్డపేరు మాత్రం పోలేదు.

కొత్త మిషనులో సాధారణంగా రెండు మూడు దశల గాడులుంటాయి. మొదటిది గరుకు, తర్వాతిది నున్నన, ఉంటే మూడోది మెరుగు పెట్టడానికి. గరుకు గాడి పెచ్చులూడిన, పూర్తిగా మొండిబారిన కత్తి కోసం. చాలామంది పండగకు ఇల్లు కడిగినట్టు ప్రతిసారీ మొదటి గాడి నుంచి మొదలుపెడతారు. కత్తిని తినేది ఈ అలవాటే. టమాటా తొక్క మీద కాస్త జారుతున్న చాకుకు నున్నటి గాడిలో రెండు మూడు లాగులు చాలు.

మరి గరుకు గాడిలో ఎన్నిసార్లు లాగాలి? ‘ఎంత ఎక్కువ లాగితే అంత పదును’ అన్నది రెండో అపోహ. దీనికి లెక్క కంటే బొటనవేలు మంచి సాక్షి. ఒక వైపు లాగాక, మిషను ఆపి, కత్తి మందపు వైపు నుంచి వాదర వైపుగా, అంటే వాదరకు అడ్డంగా, రెండో పక్కన వేలిని నెమ్మదిగా జరిపి చూడాలి. వాదర పొడవునా మాత్రం వేలు పెట్టకూడదు, తెగుతుంది. అంచు దగ్గర వేలికి సన్నగా గరగరమని ఏదో తగిలితే, అరిగిన లోహం అవతలి పక్కకు లేచి రేకులా నిలబడిందన్నమాట. పిడి దగ్గర నుంచి మొన దాకా అది తగిలితే ఆ పక్క పని అయిపోయినట్టే. ఆ తర్వాత లాగే ప్రతి లాగూ కత్తికి నష్టమే. రెండో పక్కా అంతే చేసి, నున్నటి గాడిలో ఆ రేకును తీసేస్తేనే పదును తేలుతుంది. రేకు పోకముందే కూరగాయలు తరిగితే కత్తి తొలి రోజు బాగా కోసి మర్నాటికే మొద్దుబారుతుంది. ‘మిషను పదును ఒక్కరోజే’ అని విసుక్కునేవారిలో చాలామంది ఇక్కడే దెబ్బతిని ఉంటారు.

నొక్కడమూ అనవసరమే. కత్తి బరువే చాలు. ఇరవై సెంటీమీటర్ల కత్తిని పిడి దగ్గర మొదలుపెట్టి నాలుగైదు సెకన్లలో మొన దాకా ఒకే తీరున లాగాలి. మధ్యలో ఆగితే ఆగినచోట గుంట పడుతుంది. మొన బయటికొచ్చేటప్పుడు చెయ్యి తిప్పితే మొన గుండ్రబడిపోతుంది. పిడికి, అలుగుకు మధ్య మందమైన లోహపు దిమ్మ వాదర దాకా దిగివచ్చే కత్తులు కొన్నుంటాయి. ఆ దిమ్మ గాడిలోకి పోదు గనక దాని పక్క భాగం అరగకుండా ఉండిపోతుంది, మిగతాది అరుగుతుంది. కొన్నేళ్లకు ఆ కత్తిని పీట మీద ఆనిస్తే నడుమ సందు కనిపిస్తుంది. ఉల్లిపాయలు పూర్తిగా తెగక ముక్కలు దండలా వేలాడతాయి. మిషను మీద మోపదగిన న్యాయమైన ఫిర్యాదు ఇది.

కొందరి ఇళ్లలో ఇంకో చిక్కు. ఐరోపా తరహా వంట కత్తులకు ఒక్కో పక్క 20 డిగ్రీల కోణం, జపాను తరహావాటికి 15 డిగ్రీల కోణం ఆనవాయితీ. 20 డిగ్రీల మందపు చాకును 15 డిగ్రీల మిషనులో పెడితే చక్రం వాదరకు కాస్త పైనున్న భుజాన్ని రాస్తుందే తప్ప వాదరను తాకదు. ఆ భుజం అరిగి కొత్త కోణం ఏర్పడేదాకా మొదటిసారి చాలా లాగులు పడతాయి. నాలుగు లాగి ‘ఇది పనిచేయదు’ అని అటకెక్కించేవారు ఆ సంగతి తెలియక తొందరపడినట్టే.

‘మిషను వేడికి ఉక్కు సత్తువ పోతుంది’ అనేవారు అసలు భయపడాల్సింది వీధిలో సాన పట్టేవాడి చక్రాన్ని చూసి. వేగంగా తిరిగే పొడి రాతి మీద కత్తిని గట్టిగా అదిమితే సన్నటి అంచు క్షణాల్లో కాలిపోతుంది. నీలి రంగు తేలిందంటే అక్కడ ఉక్కు దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కి మెత్తబడినట్టు లెక్క. రవ్వలు ఎగిరితే పదును బాగా పడుతోందని మురిసిపోవడం మనకలవాటు. ఆ రవ్వలు గాలిలో మండుతున్న ఉక్కు తునకలే. ఇంటి మిషనులో తేలిగ్గా లాగితే అంత వేడి పుట్టదు.

స్టెయిన్‌లెస్ స్టీలుకు పదును పట్టదన్న మాట వందేళ్లకు పైబడినది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ ఈ ఉక్కును కనిపెట్టినప్పుడు, ఊళ్లోని కత్తుల తయారీదార్లు దాన్ని సరిగ్గా గట్టిపరచలేకపోయారు. కోయని కత్తులు కనిపెట్టినవాడని ఆయన్నే ఎగతాళి చేశారు. మోస్లీ కర్మాగారంలో ఎర్నెస్ట్ స్టూవర్ట్ దాన్ని గట్టిపరిచే పద్ధతి పట్టుకున్నాకే ఎగతాళి సద్దుమణిగింది. చవకరకం మెత్తటి స్టీలు చాకుకు నిజానికి పదును త్వరగానే పడుతుంది. కాకపోతే నిలవదు.

కూరగాయలు మెత్తనివి గనక వాటివల్ల కత్తి అరగదని నమ్మేవాళ్లున్నారు. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2020లో సైన్స్ పత్రికలో వేసిన పత్రం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. గడ్డం గీసుకునే బ్లేడు ఉక్కు కంటే వెంట్రుక సుమారు యాభై రెట్లు మెత్తన. అయినా వెంట్రుక ఏటవాలుగా తగిలినప్పుడు, ఉక్కు లోపలి నిర్మాణం ఎగుడుదిగుడుగా ఉన్నచోట బ్లేడు అంచు పెచ్చులూడడం వాళ్లు సూక్ష్మదర్శినిలో చూశారు. వంటింట్లో అంతకంటే పెద్ద శత్రువు పీట లేకుండా నేరుగా తరిగే గ్రానైటు గట్టు. అందులోని స్ఫటికశిల కత్తి ఉక్కు కంటే గట్టిది. గాజు పలక కూడా వాదరకు మేలు చేయదు. చెక్క పీట వాడితే మిషను అవసరమే తగ్గుతుంది.

ఏ కత్తినైనా మిషనులో పెట్టేయొచ్చా? కుదరదు. కత్తిపీట గాడిలో పట్టనే పట్టదు. దానికి సానరాయో, సాన పట్టేవాడో దిక్కు. బ్రెడ్డు కోసే పళ్ల కత్తిని గరుకు గాడిలో లాగితే పళ్లు పోతాయి. ఒప్పుకొనే మిషన్లలో కూడా చివరి గాడి వరకే. ఒక్క పక్కే ఏటవాలు ఉండే జపాను చేపల కత్తిని రెండు పక్కలా అరగదీసే మిషనుకు ఇవ్వకూడదు. సిరామిక్ కత్తికి అందుకోసం చేసిన మిషను తప్ప వేరేది పనికిరాదు.

అమెరికా నుంచి అక్కయ్యో బావగారో సూట్‌కేసులో తెచ్చిన షార్ప్‌నరు సంగతి వేరు. ‘పిన్ను మారిస్తే చాలు’ అనుకుని ఇక్కడి ప్లగ్గులో పెడితే మోటారు కాలుతుంది. పిన్ను మార్చే అడాప్టరు వోల్టేజీని మార్చదు. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. పెట్టె అడుగున చీటీ మీద 120 మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి. అది పెట్టినా అక్కడి 60 హెర్ట్‌జ్‌కు బదులు ఇక్కడి 50 హెర్ట్‌జ్ మీద కొన్ని మోటార్లు నెమ్మదిస్తాయి, వేడెక్కుతాయి. ఇక్కడి కరెంటుకు తగినది ఇక్కడే కొనుక్కోవడం మేలు.

పదునైన కత్తి చెయ్యి కోస్తుందని పెద్దలు భయపడతారు. మొండి కత్తే ఎక్కువ ప్రమాదం: బలం పెట్టి నొక్కాలి, ఉల్లిపాయ మీద జారిందంటే ఆ బలమంతా వేలి మీదికొస్తుంది. అయితే పెద్దల భయంలోనూ ఓ ముక్క నిజముంది. నొక్కడం అలవాటైన చెయ్యి, పదును పెట్టిన రోజున కూడా అలాగే నొక్కుతుంది. ఆ ఒక్క రోజు నెమ్మదిగా తరగండి.

రోజువారీ స్టీలు చాకులు ఒకటి రెండుండి, రాతి మీద కోణం నిలిపి నూరే ఓపిక లేని ఇంటికి మిషను తగినదే. ఖరీదైన కత్తికి ముందు పాత చాకుతో చెయ్యి కుదుర్చుకోండి. పదును పెట్టాక కత్తిని తడిగుడ్డతో తుడిచి, కడిగి, ఆరబెట్టాకే కూరలు తరగండి. వాదర మీద కంటికి ఆనని ఉక్కు పొడి మిగిలి ఉంటుంది.